ప్లగ్గు రంగు నుంచి అంకెల పట్టిక దాకా

మోటారు సైకిలు ఇంజను ఆరోగ్యం తెలుసుకోవడానికి ఒకప్పుడు మెకానిక్కు చేసే మొదటి పని ప్లగ్గు విప్పి చూడటం. ప్లగ్గు కొన కాఫీ పొడి రంగులో ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. నల్లగా మసిపట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతున్నట్టు. సున్నం కొట్టినట్టు తెల్లబడితే పెట్రోలు చాలడం లేదని, లోపల వేడి పెరిగిపోతోందని, అలాగే వదిలేస్తే పిస్టన్‌కు చిల్లు పడవచ్చునని అర్థం. వైద్యుడు రోగిని నాలుక చూపించమన్నట్టే ఇది. ఆ చూపు, ఇంజను చప్పుడు పట్టగల చెవి, చేతిలో ఒక స్క్రూడ్రైవరు, ఇవే ఆనాటి పనిముట్లు.

ఈనాడు అదే పని అంకెలతో జరుగుతోంది. బండి నడుస్తుండగా సెకనుకు పదీ ఇరవైసార్లు ఇంజను స్థితిని రాసిపెట్టి, తరువాత ఆ రాతను తీరికగా చదివి, ఏ వేగంలో ఎంత పెట్రోలు పోయాలో సరిచేస్తున్నారు. ఈ మార్పు ఎలా వచ్చింది, దీనివల్ల ఎవరి చేతిలోని విద్య ఎవరి చేతికి వెళ్ళింది, అందులో కొంత తిరిగి ఎలా వచ్చింది అన్నది ఈనాటి ప్రసంగ విషయం.

పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక గ్రాము పెట్రోలుకు సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఇది లెక్క. కాని ఇంజను ఎప్పుడూ ఈ లెక్కనే కోరదు. బండి పూర్తి బలంతో గుట్ట ఎక్కుతున్నప్పుడు మిశ్రమం కొంచెం చిక్కగా, అంటే 13కు 1 చొప్పున ఉంటే బలమూ బాగుంటుంది, లోపలి వేడీ అదుపులో ఉంటుంది. చదునైన రోడ్డు మీద నింపాదిగా పోతున్నప్పుడు పలచగా ఉన్నా ఫరవాలేదు. మజ్జిగ చిక్కదనం మనిషిని బట్టి మారినట్టు, ఈ చిక్కదనం ఇంజను చేసే పనిని బట్టి మారాలి. మోటారు సైకిలు పెట్రోలు చరిత్ర అంతా ఈ చిక్కదనాన్ని సరిగా కలిపే ప్రయత్నాల చరిత్రే.

1885లో జర్మనీలో డైమ్లర్, మేబాఖ్ కలిసి తయారు చేసిన కొయ్య చట్రపు బండిని మొదటి మోటారు సైకిలుగా చెప్పుకుంటారు. దానిలో పెట్రోలు ఆవిరి మీదుగా గాలిని పోనిచ్చేవారు, అంతే. 1893లో మేబాఖ్ సన్నని గొట్టం నుంచి పెట్రోలును తుంపరగా చిమ్మే కార్బొరేటరును రూపొందించాడు. అదే సంవత్సరం హంగరీ దేశంలో దోనాత్ బాంకి, యానోష్ చోంకా అనే ఇద్దరు ఇంజనీర్లు అలాంటిదానికే పేటెంటు తీసుకున్నారు. పూలమ్మే అమ్మాయి పూల మీద నోటితో గొట్టం ఊది నీళ్ళు చిలకరించడం చూసి వారికి ఆ ఆలోచన వచ్చిందని ఒక కథ ఉంది. నిజమో కాదో గాని కార్బొరేటరు పనిచేసే తీరు అచ్చంగా అదే. ఇరుకు దారిలో గాలి వేగంగా పోతే అక్కడ పీడనం తగ్గుతుంది, కిందనున్న పెట్రోలు పైకి లేచి గాలిలో కలుస్తుంది. ఇందులో కరెంటు లేదు, లెక్క చేసే యంత్రం లేదు. నూరేళ్ళకు పైగా లోకమంతా దీని మీదే తిరిగింది.

అయితే దీనికొక లోపం ఉంది. హొసూరు శ్రోతలకు అది చప్పున అర్థమవుతుంది. మద్రాసు సముద్ర మట్టాన ఉంది. హొసూరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తుకు వచ్చేసరికి గాలి సాంద్రత ఎనిమిది తొమ్మిది శాతం తగ్గుతుంది. కార్బొరేటరు ఆ తరుగుదలలో సగం మాత్రమే గమనించి పెట్రోలు తగ్గిస్తుంది. తక్కిన సగం మేర మిశ్రమం చిక్కబడుతుంది. మద్రాసులో నిక్కచ్చిగా ట్యూనింగ్ పెట్టిన బండి ఇక్కడికి వచ్చి మైలేజీ ఇవ్వకపోతే అది ఆ మెకానిక్కు తప్పు కాదు, గాలి తీరు అది. ఇక్కడి మెకానిక్కు మళ్ళీ స్క్రూ తిప్పాలి, లేదా చిన్న జెట్టు వేయాలి.

మన సరిహద్దు ప్రాంతాల చుట్టూ మోటారు సైకిలు కర్మాగారాలు వెలిసిన తీరు కూడా చెప్పుకోదగ్గదే. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ బండ్ల తయారీ సంస్థ ఏర్పడింది. 1961 నుంచి మైసూరులో జావా బండ్లు, తరువాత అవే యెజ్డీ పేరుతో తయారయ్యాయి. 1980లో హొసూరు నుంచి టి.వి.ఎస్. 50 మోపెడ్ బయటికి వచ్చింది. తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలున్న హొసూరు, డెంకణికోట ప్రాంతాల యువకులకు యంత్రం అనేది పొలం పక్కకే వచ్చి కూర్చుంది. షెడ్డులో మేస్త్రి తమిళంలోనో కన్నడంలోనో కేకేస్తాడు, శిష్యుడు తెలుగులో జవాబిస్తాడు, ఇద్దరికీ ఉమ్మడి మాటలు జెట్టు, చోకు, పికప్పు, మిస్సింగు. ఆ విద్యకు పుస్తకం లేదు. సూది మీది క్లిప్పు ఒక గాడి పైకి జరిపితే ఏమవుతుందో, పైలట్ స్క్రూ ఎన్ని చుట్లు విప్పితే ఇంజను నిలకడగా తిరుగుతుందో మేస్త్రి పక్కన ఏళ్ళ తరబడి కూర్చున్నవాడికే తెలిసేది.

ఇక ఇంజెక్షన్ సంగతికి వద్దాం. పెట్రోలును గాలి పీల్చుకునేదాకా ఆగకుండా, మనమే పంపుతో ఒత్తిడి పెట్టి చిమ్మించడం ఇంజెక్షన్. ఇది మొదట రోడ్డు మీద కాదు, ఆకాశంలో తన గొప్పతనం చూపింది. 1940లో బ్రిటన్ మీద జరిగిన వైమానిక యుద్ధంలో జర్మన్ మెసర్‌ష్మిట్ విమానాల ఇంజనుకు ఇంజెక్షన్ ఉండేది. బ్రిటిష్ స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాల మెర్లిన్ ఇంజనుకు కార్బొరేటరు ఉండేది. విమానం ముక్కు హఠాత్తుగా కిందికి వంచితే కార్బొరేటరులోని పెట్రోలు పైకి ఎగసి, ఇంజను ముందు ఆకలితో దగ్గేది, వెంటనే పెట్రోలు మునిగి ఉక్కిరిబిక్కిరయ్యేది. శత్రువు తప్పించుకోవడానికి ఆ రెండు క్షణాలు చాలు. దీనికి 1941లో తాత్కాలిక విరుగుడు కనిపెట్టినది బియాట్రిస్ షిల్లింగ్ అనే మహిళా ఇంజనీరు. నడుమ చిల్లున్న ఒక చిన్న లోహపు ముక్కను పెట్రోలు దారిలో అమర్చి, అవసరానికి మించి పెట్రోలు పోకుండా ఆపింది. ఈమె మోటారు సైకిలు పందాల మనిషి కూడా. 1934లో బ్రూక్‌లాండ్స్ పందెపు బాట మీద నార్టన్ బండి నడిపి గంటకు 100 మైళ్ళకు మించిన వేగంతో చుట్టు తిరిగి బంగారు నక్షత్రం పొందింది. ఆ చిన్న ముక్క వెనుక ఒక మోటారు సైకిలు మెకానిక్కు బుద్ధి పనిచేసిందని నాకు అనిపిస్తుంది.

విమానాల ఇంజెక్షన్ అంతా యాంత్రికమే. ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌ను 1950 దశకం చివర అమెరికాలో బెండిక్స్ సంస్థ కార్లలో ప్రయత్నించింది. ఆనాటి ఎలక్ట్రానిక్ సామగ్రి ఎండకూ చలికీ నిలవక అది సాగలేదు. జర్మనీలోని బాష్ సంస్థ ఆ దారినే అందుకుని, 1967లో ఫోక్స్‌వాగన్ కారులో ట్రాన్సిస్టర్లతో నడిచే పద్ధతిని ప్రవేశపెట్టింది. ఇంజను పీల్చే గొట్టంలో ఎంత పీడనం ఉందో కొలిచి, దాన్ని బట్టి పెట్రోలు చిమ్మే కవాటం ఎన్ని వేల వంతుల సెకను తెరిచి ఉండాలో అది నిర్ణయించేది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి లెక్క చూడండి. ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరిగితే ఒక చుట్టుకు సెకనులో నూరో వంతు పడుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకు ఒకసారి పెట్రోలు అడుగుతుంది. అంటే సెకనుకు 50 సార్లు, ప్రతిసారీ కొలిచి పోయాలి. మనిషి చెవి ఎంత చురుకైనదైనా ఈ వేగాన్ని అందుకోలేదు.

1976లో మరొక ముఖ్యమైన సాధనం వచ్చింది. స్వీడన్ దేశపు వోల్వో కార్లలో పొగ గొట్టానికి బాష్ వారి ఆక్సిజన్ సెన్సరు అమర్చారు. మండిన తరువాత పొగలో ఇంకా ఆక్సిజన్ మిగిలి ఉందా లేదా అని అది చెబుతుంది. మిగిలి ఉంటే మిశ్రమం పలచన, లేకపోతే చిక్కన. ప్లగ్గు విప్పి చూసే పనిని బండి నడుస్తుండగానే ఒక పింగాణీ ముక్క చేయసాగిందన్నమాట.

మోటారు సైకిళ్ళలో ఈ పద్ధతిని అమ్మకానికి తెచ్చిన మొదటి సంస్థ జపానులోని కవాసాకి. 1980లో వచ్చిన వారి వెయ్యి సీసీల బండిలో, గాలి తోసే కొద్దీ తెరుచుకునే ఒక రేకు ద్వారా గాలిని కొలిచేవారు. 1982లో వారే ఆ రేకును తీసివేసి డిజిటల్ పద్ధతికి మారారు. అదే సంవత్సరం హోండా టర్బో బండి, 1983లో బి.ఎం.డబ్ల్యు. కె 100 ఇంజెక్షన్‌తో వచ్చాయి. ఇవన్నీ ధనవంతుల బండ్లు, మన దారుల్లో కనబడినవి కావు.

చరిత్రలో మలుపు అనదగ్గది ఇటలీలో వచ్చింది. 1986లో ఫ్రాన్సులో జరిగే బోల్ డోర్ ఇరవైనాలుగు గంటల పందెంలో డుకాటి సంస్థ ఒక ప్రయోగపు బండిని దింపింది. దాని నుంచి పుట్టినదే డుకాటి 851. దీనిలో గాలిని కొలవనే కొలవరు. థ్రాటిల్ ఎంత తెరిచి ఉంది, ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతోంది, ఈ రెండింటినీ చూసి, ముందే రాసిపెట్టిన ఒక పట్టికలోంచి పెట్రోలు లెక్క తీసుకుంటారు. వేడి, గాలి పీడనం బట్టి కాస్త సవరిస్తారు. పాతకాలం బడిలో మనం లాగరిథం పట్టిక చూసిన పద్ధతే. అడ్డ వరుసలో ఒకటి, నిలువు వరుసలో ఒకటి చూసి, రెండూ కలిసిన గడిలోని అంకె తీసుకోవడం. అంకె గడుల మధ్య పడితే చుట్టుపక్కల గడులను బట్టి సర్దుకోవడం. 1990లో ఫ్రెంచి రైడరు రేమండ్ రోష్ ఈ బండి మీద ప్రపంచ సూపర్‌బైక్ విజేత అయ్యాడు. 1991, 92లలో డుకాటి మీదే అమెరికన్ డగ్ పోలెన్ గెలిచాడు.

ఆ పట్టిక ఎక్కడుంది? ఒక చిన్న చిప్పులో. అతినీలలోహిత కాంతి చూపితే చెరిగిపోయి, మళ్ళీ రాసుకోగల చిప్పు అది. పందెపు జట్టులో ఇంజనీరు కొత్త చిప్పు గుచ్చితే బండి స్వభావమే మారిపోయేది. కాని మామూలు మనిషికి పెట్టె మూత తీసినా ఏమీ కనబడదు. స్క్రూ లేదు, సూది లేదు, జెట్టు లేదు. తరాలుగా మెకానిక్కు చేతివేళ్ళలో ఉన్న విద్య ఒక మూసిన పెట్టెలోకి వెళ్ళింది. తాళంచెవి తయారీ సంస్థ దగ్గర ఉంది. దీన్ని ప్రగతి అన్నవారు ఉన్నారు. ప్రగతే, కాదనను. అయితే దాని ధర ఎవరు చెల్లించారో కూడా చెప్పుకోవాలి కదా.

ఆ పెట్టె మళ్ళీ తెరుచుకోవడానికి రెండు కారణాలు తోడ్పడ్డాయి. మొదటిది, 1990 దశకంలో కొత్తరకం ఆక్సిజన్ సెన్సరు రావడం. పాతది చిక్కనా పలచనా అని మాత్రమే చెప్పేది. కొత్తది ఎంత చిక్కన, ఎంత పలచన అని అంకెతో చెబుతుంది. పాస్ ఫెయిల్ చెప్పడానికీ, మార్కులు చెప్పడానికీ ఉన్న తేడా అది. రెండవది, 2001లో అమెరికాలో బ్రూస్ బౌలింగ్, అల్ గ్రిప్పో అనే ఇద్దరు ఔత్సాహికులు ఇంటిలో టంకం పెట్టి తయారు చేసుకోగల ఇంజెక్షన్ పెట్టెను రూపొందించడం. దాని పేరు మెగాస్క్విర్ట్. దానిలో మొదట 8 వరుసల్లో ఎనిమిదేసి, మొత్తం 64 గడుల పట్టిక ఉండేది. తరువాతి వాటిలో 256 గడులు వచ్చాయి. కార్ల కోసం పుట్టినా మోటారు సైకిళ్ళకూ పాకింది.

దానితో ట్యూనింగ్ ఎలా చేస్తారో చూద్దాం. పొగ గొట్టానికి సెన్సరు బిగిస్తారు. బండిని రోడ్డు మీదో, రోలరు మీదో అన్ని వేగాల్లో, అన్ని థ్రాటిల్ స్థానాల్లో నడుపుతారు. ఇంజను చుట్లు, థ్రాటిల్, పీడనం, వేడి, మిశ్రమం నిష్పత్తి, ఇవన్నీ వరుసగా నమోదవుతాయి. తరువాత ఒక గడి తీసుకుంటారు. అనుకోండి, 4000 చుట్లు, సగం థ్రాటిల్. ఆ గడిలో 60 అనే అంకె ఉంది. మనకు కావలసిన నిష్పత్తి 13. నమోదైనది 14.3. అంటే పలచగా ఉంది. 14.3ని 13తో భాగిస్తే 1.1. అరవైని 1.1తో గుణిస్తే 66. ఆ గడిలో 66 రాస్తారు. ఏడో తరగతి పిల్లవాడు చేయగల లెక్క ఇది.

లెక్క సులువే గాని, ఏ అంకెను నమ్మాలి అన్నదే అసలు విద్య. పొగ సెన్సరు దాకా చేరడానికి, సెన్సరు స్పందించడానికి కొంత సమయం పడుతుంది. ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు ఇది సెకనులో కొన్ని పదో వంతులు ఉంటుంది. ఈలోగా ఇంజను వేరే గడిలోకి వెళ్ళిపోయి ఉండవచ్చు. ఒక గడి చేసిన తప్పుకు పక్క గడిని దండించినట్టవుతుంది. అందుకని థ్రాటిల్ హఠాత్తుగా తిప్పిన క్షణాల రాతను పక్కన పెట్టాలి. ఇంజను ఇంకా వేడెక్కని రాతనూ వదిలేయాలి. థ్రాటిల్ పూర్తిగా మూసినప్పుడు పెట్టె పెట్రోలును ఆపేస్తుంది, అప్పుడు సెన్సరు మహా పలచన అంటుంది. దానినీ లెక్కలోకి తీసుకోకూడదు. ఒక గడిలో రెండుసార్లే నమోదైతే దాన్ని మార్చకూడదు. రెండు పరీక్షలు రాసిన పిల్లవాడికి సంవత్సరపు ఫలితం వేయం కదా.

మోటారు సైకిలుకు ప్రత్యేకమైన ఉచ్చులు ఇంకా ఉన్నాయి. ఒకే సిలిండరు ఇంజనులో పీల్చే గొట్టపు పీడనం గుండె కొట్టుకున్నట్టు ఎగిరెగిరి పడుతుంది. సగటు తీస్తే మోసపోతాం. పొగ గొట్టం పొట్టిదైతే తక్కువ వేగంలో బయటిగాలి వెనక్కి లోపలికి వచ్చి సెన్సరుకు తగులుతుంది. మిశ్రమం సరిగా ఉన్నా పలచన అని చెబుతుంది. అన్నిటికంటే పెద్ద ఉచ్చు మిస్సింగు. మిశ్రమం మరీ చిక్కబడి నిప్పు అంటుకోకపోతే, మండని ఆక్సిజన్ అలాగే బయటికి వస్తుంది. సెన్సరు దాన్ని చూసి పలచన అంటుంది. అంకెను నమ్మి ఇంకా పెట్రోలు పెంచితే మిస్సింగు మరింత పెరుగుతుంది. ఇక్కడ చెవి కావాలి. మిస్సింగు చప్పుడు తెలిసిన మేస్త్రి ఒక్క క్షణంలో పట్టేస్తాడు. అంకెలు మాత్రమే చదివినవాడు సాయంకాలం దాకా తిప్పలు పడతాడు. కొత్త విద్య వచ్చింది కనుక పాత విద్య పనికిరాదనే మాట ఇక్కడ నిలబడదు.

మన దేశంలో ఇంజెక్షన్ ఉన్న మొదటి మోటారు సైకిలు 2006లో వచ్చిన హీరో హోండా గ్లామర్ ఎఫ్.ఐ. తరువాత 2007లో బజాజ్ పల్సర్ 220, 2008లో టి.వి.ఎస్. అపాచీలో ఒక రకం, 2009లో ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 500 వచ్చాయి. జనం పెద్దగా ఆదరించలేదు. వెల ఎక్కువ, బాగుచేసేవాడు ఊళ్ళో లేడు. కార్బొరేటరు బండే నయమనుకున్నారు. 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజి 6 కాలుష్య నియమాలు అమలులోకి రావడంతో పరిస్థితి తలకిందులైంది. కొత్త బండ్లలో కార్బొరేటరు దాదాపుగా మాయమైంది. వంద సీసీల బండికి కూడా పంపు, ఇంజెక్టరు, సెన్సర్లు, పెట్టె వచ్చాయి. లోపాన్ని బండే గుర్తించి నమోదు చేసుకునే ఏర్పాటును కూడా నియమాలు కోరాయి. 2023 నుంచి ఆ ఏర్పాటు మరింత కఠినమైంది.

దీనివల్ల మేలే జరిగింది. చలికాలం ఉదయం చోకు లాగనక్కర లేదు. మద్రాసు నుంచి హొసూరు వచ్చినా బండి గాలిని తనే గమనించుకుంటుంది. పొగ తగ్గింది. కాని బ్యాటరీ పూర్తిగా పడిపోతే పంపు తిరగదు, తోసి స్టార్టు చేద్దామన్నా కుదరదు. రోడ్డు పక్క షెడ్డు మేస్త్రికి తిప్పడానికి స్క్రూ లేదు. ఎర్రదీపమో పసుపు దీపమో వెలిగితే బండి కంపెనీ షోరూముకే పోతోంది. ఇరవై ఏళ్ళుగా నమ్ముకున్న పని చేతిలోంచి జారిపోతున్న మనుషులు మనందరికీ తెలిసినవారే. ఇక రోడ్డు బండి పట్టికను ఇష్టమొచ్చినట్టు తిరగరాసే విషయం. పందెపు బండికి చెల్లిన పని వీధి బండికి చెల్లదు. పొగ నియమాలకు తగినట్టు పరీక్షించి ఆమోదించిన పట్టిక అది. చిక్కగా రాస్తే పొగ గొట్టంలోని శుద్ధి యంత్రం కాలి చెడుతుంది, పలచగా రాస్తే ఇంజనే చెడుతుంది.

అయితే పట్టిక మార్చకుండానే రాత చదవడం నేర్చుకోవచ్చు. దానికి కంప్యూటరు కూడా ఎప్పుడూ అక్కరలేదు. హోండా పద్ధతి ఇంజెక్షన్ ఉన్న బండ్లలో లోపమేమిటో మీటరు మీది దీపమే మెరిసి చెబుతుంది. పొడుగు మెరుపు పది, పొట్టి మెరుపు ఒకటి. ఏడు పొట్టి మెరుపులు వస్తే ఇంజను వేడిని కొలిచే సెన్సరు దగ్గర లోపం. ఎనిమిది వస్తే థ్రాటిల్ సెన్సరు. ఒక పొడుగు, రెండు పొట్టి వస్తే పన్నెండు, అది ఇంజెక్టరు. రెండు పొడుగు, ఒక పొట్టి వస్తే ఇరవై ఒకటి, పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సరు. చాలాసార్లు సెన్సరు చెడి ఉండదు, దాని తీగ ఊడి ఉంటుంది, లేదా ఎలుక కొరికి ఉంటుంది. తీగ పట్టుకుని చూడటం మన మేస్త్రికి ఎవరూ కొత్తగా నేర్పనక్కర లేదు.